గురుడు మసకగా కనిపిస్తే: టెలిస్కోపు అద్దాలు సరిచేసుకునే పద్ధతి

నేను మల్కాజిగిరిలో కళ్లజోళ్ల షాపు నడుపుతాను. 22 ఏళ్లుగా పొద్దున్నుంచి రాత్రి దాకా నేను చూసేది ఒకటే: అద్దం సెంటరు కంటిపాపకు ఎదురుగా వచ్చిందా లేదా అని. పవర్ కరెక్టుగా ఉన్నా సెంటరు పక్కకు జరిగితే కళ్లజోడు పనికిరాదు. మైనస్ 4 పవర్ అద్దం 5 మిల్లీమీటర్లు జరిగి కూర్చుందనుకోండి, ఆ కంటి మీద 2 ప్రిజం పడుతుంది, అంటే వెలుగు ఆ మేరకు పక్కకు వంగుతుంది. పెట్టుకున్న మనిషికి సాయంత్రానికి తలనొప్పి మొదలవుతుంది. వచ్చి "పవర్ తప్పు వేశారమ్మా" అంటారు. నిజానికి పవర్ తప్పు కాదు, ఫిట్టింగ్ తప్పు.

మా తమ్ముడి ఇంట్లో టెలిస్కోపు విషయంలోనూ ఇదే జరిగింది. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానిటేరియానికి ఒకటికి నాలుగుసార్లు తీసుకెళ్లాక టెలిస్కోపు కావాలని పట్టుబట్టాడు. తమ్ముడు 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి వెలుగు ఒకచోట కలిసేదాకా ఉండే దూరం) ఉన్నది తెప్పించాడు. రెండు వారాలకు వాడు ఫోన్ చేశాడు. "అత్తమ్మా, గురుడు దూది ఉండలా ఉన్నాడు. గీతలేం కనబడట్లేదు. డాడీ దీన్ని సజ్జ మీద పెట్టేస్తా అంటున్నాడు."

సజ్జ మీదకు ఎక్కిన టెలిస్కోపు మళ్లీ దిగదు. అందుకే ఆ ఆదివారమే వెళ్లాను. అద్దాలు బాగానే ఉన్నాయి, కాకపోతే ఒకదాని మొహం ఒకటి చూసుకోవట్లేదు. ఇద్దరం కూర్చుని గంటన్నరలో సరిచేశాం. ఇప్పుడు వాడొక్కడే పది నిమిషాల్లో చేసుకుంటున్నాడు. మీ ఇంట్లోనూ అలాంటి టెలిస్కోపు ఒకటి ఉంటే, అమ్మేయాలనో అటకెక్కించాలనో అనుకునే ముందు ఈ పని చేసి చూడండి. దీన్ని కాలిమేషన్ అంటారు.

అసలు ఇది ఎందుకు చేయాలో ముందు తెలుసుకోవాలి. అది తెలియకుండా స్క్రూలు తిప్పితే ఏది ఎంతవరకు తిప్పాలో అర్థం కాదు. ట్యూబు అడుగున ఉండేది పెద్ద అద్దం, అంటే ప్రైమరీ. వెలుగును పోగుచేసి వెనక్కి పంపేది అదే. ట్యూబు మూతి దగ్గర 45 డిగ్రీల వాలుతో ఉండే చిన్న చదును అద్దం సెకండరీ. అది ఆ వెలుగును పక్కకు తిప్పి, మనం కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు గొట్టమైన ఐపీస్‌లోకి పంపుతుంది. 1668లో న్యూటన్ చేసిన మొదటి టెలిస్కోపులోనూ ఏర్పాటు ఇదే, కాకపోతే ఆయన అద్దం లోహానిది. అద్దం ఎంత వాలితే వెలుగు దానికి రెట్టింపు వాలుతుంది. గాజు లెన్సు కొంచెం వాలినా వెలుగు అంతగా దారి తప్పదు. అందుకే లెన్సు టెలిస్కోపు కొన్నవాళ్లకు ఈ బాధ దాదాపు ఉండదు. నిజామియా అబ్జర్వేటరీవాళ్ల 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు లెన్సుది, జాపాల్ రంగాపూర్‌లోని 48 అంగుళాలది అద్దానిది. ఎంత పెద్దదైనా సరే, అద్దం అన్నాక దాన్ని సరిచూసుకుంటూనే ఉండాలి.

పెద్ద అద్దానికి ఒక నడిమి గీత ఉంటుంది, దాని మధ్య నుంచి సూటిగా ముందుకు పోయే ఊహా గీత. బొమ్మ నిఖార్సుగా వచ్చేది ఆ గీత చుట్టూ ఉన్న కాస్త జాగాలోనే. దాన్ని దాటి పక్కకు పోయేకొద్దీ చుక్కకు తోక మొలుస్తుంది. ఈ దోషాన్ని కోమా అంటారు. ఆ మంచి జాగా ఎంత వెడల్పో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: ఎఫ్ నంబరును మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి హెచ్చించి (5 అయితే 5 × 5 × 5), వచ్చినదాన్ని 0.022తో గుణిస్తే మిల్లీమీటర్లలో వస్తుంది. ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వెడల్పుతో భాగిస్తే ఎఫ్ నంబరు. 650ని 130తో భాగిస్తే 5. అంటే మావాడి టెలిస్కోపులో ఆ జాగా 2.75 మిల్లీమీటర్లు, పెసర గింజకన్నా చిన్నది. అదే 114 మిల్లీమీటర్ల అద్దం, 900 ఫోకల్ లెంగ్త్ ఉన్నదైతే ఎఫ్ నంబరు సుమారు 8, జాగా 11 మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్ల వెడల్పులో సగం. మీది ఎఫ్/8 అయితే కొంచెం అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. ఎఫ్/5 అయితే ఆ పెసర గింజను ఐపీస్‌కు ఎదురుగా తెచ్చి నిలబెట్టాలి. మనం చేయబోయే పనంతా దాని కోసమే.

ఇక మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ట్యూబు పొట్టిగా, మూరెడే ఉండి, దాని మీద మాత్రం ఫోకల్ లెంగ్త్ 1000 అని రాసి ఉంటే, ఫోకసర్ (ఐపీస్ పెట్టే, ఫోకస్ కోసం ముందుకూ వెనక్కీ జరిగే భాగం) గొట్టంలోపల అదనంగా ఒక లెన్సు బిగించి ఉంటుంది. అది ఉండగా కింద చెప్పిన పద్ధతి సరిగా పనిచేయదు, లోపల కనిపించేదంతా వంకరగా కనిపిస్తుంది. ఆ లెన్సును విప్పి పక్కన పెట్టి చేయాలి, అయ్యాక మళ్లీ బిగించాలి. కొన్ని బాగా చిన్న టెలిస్కోపుల్లో పెద్ద అద్దానికి వెనక సర్దుకునే స్క్రూలే ఉండవు. వాటిని విప్పకండి, చిన్న అద్దం వరకు చూసుకుంటే చాలు.

కావలసిన సామాను తక్కువే. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, అలెన్ కీల సెట్టు. చిన్న అద్దం స్క్రూలకు ఎక్కువగా 2 మిల్లీమీటర్ల కీ పడుతుంది, కానీ మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి సెట్టుగా కొనుక్కోండి. రాణిగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు. టెలిస్కోపుతో వచ్చే కీ మెత్తటిదైతే నాలుగుసార్లు తిప్పేసరికి మూలలు అరిగిపోతాయి. అప్పుడు స్క్రూ తలకాయ కూడా పాడవుతుంది, ఇక దాన్ని తీయడం పెద్ద పని.

తర్వాత, చూడటానికి చిల్లు మూత. ఫోకసర్ మీద దుమ్ము పడకుండా ఒక ప్లాస్టిక్ మూత వస్తుంది కదా, దాని నట్టనడుమ 2 మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి. మా ఇంట్లో పాత కొడాక్ ఫిల్మ్ డబ్బీ ఉంటే నేను దాన్నే వాడాను. ఒకటింబావు అంగుళాల ఫోకసర్‌లో సరిగ్గా పడుతుంది. అడుగు కోసేసి, మూతకు మధ్యలో చిల్లు పెట్టి, మూత లోపలివైపు చుట్టూ తెల్ల కాగితం అంటించాను. ఆ తెలుపు అవసరం. చివరి అంచెలో దాని ప్రతిబింబాన్ని చూసే పెద్ద అద్దాన్ని తిప్పుతాం. డబ్బులు పెట్టగలిగితే చెషైర్ ఐపీస్ అని దొరుకుతుంది. చిల్లుతోపాటు అడ్డంగా నిలువుగా రెండు సన్నటి తీగలు కూడా ఉంటాయి. కొనేది ఏదైనా ఉంటే అదే కొనండి, లేజర్ జోలికి ఇప్పుడే పోకండి. లేజర్ సంగతి చివర్లో చెప్తాను.

పెద్ద అద్దం మధ్యలో గుర్తు ఉందో లేదో చూడండి. ట్యూబు మూతి లోంచి తొంగి చూస్తే చిన్న రింగు కనిపించాలి. ఈమధ్య వచ్చేవాటిలో చాలావాటికి ఉంటోంది. లేకపోతే మీరే పెట్టుకోవాలి. షాపులో మేం రోజూ చేసే పని లాంటిదే ఇది. లెన్సోమీటర్‌లో అద్దం పెట్టి మీట నొక్కితే ఇంకుతో మూడు చుక్కలు పడతాయి, నడిమి చుక్క అద్దం సెంటరు. ఆ చుక్క లేకుండా ఏ అద్దమూ కోతకు వెళ్లదు. ఇక్కడా అంతే. ట్యూబు వెనకవైపు పక్కల ఉండే స్క్రూలు విప్పితే అద్దం దాని పళ్లెంతో సహా బయటికొస్తుంది. అద్దం ముఖాన్ని వేలితో తాకొద్దు. మొహానికి మాస్కు పెట్టుకోండి. మాట్లాడేటప్పుడు పడే సన్నటి తుంపర ఎండితే మరక అవుతుంది, తుడిస్తే గీత అవుతుంది. ట్రేసింగ్ పేపర్ మీద అద్దం సైజుకు గుండ్రంగా గీసి కత్తిరించి, నాలుగు మడతలు పెట్టండి. మడతలు కలిసిన కొసను పిసరంత కత్తిరిస్తే నట్టనడుమ చిల్లు పడుతుంది. ఆ కాగితాన్ని అద్దం మీద అంచులు కలిపి నెమ్మదిగా పరిచి, చిల్లులోంచి మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి. ఫైళ్లలో కాగితాల చిల్లులు చిరగకుండా అంటించే గుండ్రటి రింగు స్టిక్కర్లు స్టేషనరీ షాపులో ఉంటాయి. ఆ చుక్క రింగు మధ్యకు వచ్చేలా ఒకటి అంటించండి. మా తమ్ముడు "అద్దం మీద స్టిక్కరా?" అని కంగారుపడ్డాడు. కంగారు అక్కర్లేదు. అద్దం మధ్యభాగం ఎలాగూ చిన్న అద్దం నీడలోనే ఉంటుంది, అక్కడ చుక్కల వెలుగు పడదు.

ఇదంతా పగలు, ఇంట్లో, వెలుతురు బాగా ఉన్న గదిలో చేసే పని. ముసురు పట్టి వారాల తరబడి ఆకాశం కనబడని రోజులు దీనికి బాగా పనికొస్తాయి. ట్యూబును మంచం మీదో టేబుల్ మీదో పూర్తిగా అడ్డంగా పడుకోబెట్టండి, మూతి తెల్లగోడ వైపు ఉండాలి. అడ్డంగా అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి చేసినప్పుడు ట్యూబు కొంచెం ఏటవాలుగా, మూతి పైకి ఉంది. చేతిలో అలెన్ కీ జారింది. జర్రున ట్యూబు లోపలికి జారుకుంటూ పోయి పెద్ద అద్దానికి తగిలిన చప్పుడు నాకింకా గుర్తుంది. బియ్యపు గింజంత గీత పడింది. పిల్లవాడి మొహం చూడలేకపోయాను. తర్వాత లెక్క వేసుకుంటే, 130 మిల్లీమీటర్ల అద్దం వైశాల్యంలో ఆ గీత పదివేలలో ఒక వంతు. బొమ్మలో ఏ తేడా లేదు. అయినా అది పడకుండా ఉండాల్సింది. ఇప్పుడు కీకి దారం కట్టి మణికట్టుకు చుట్టుకుంటున్నాను. మీరూ కట్టుకోండి.

మొదటి అంచె, చిన్న అద్దం ఫోకసర్ కింద సరిగ్గా మధ్యలో ఉందా అని చూడటం. చిల్లులోంచి చూస్తే ఒకదాంట్లో ఒకటిగా అన్నీ గుండ్రాలే కనిపిస్తాయి, స్టీలు డబ్బాల సెట్టును పైనుంచి చూసినట్టు. ఏది అద్దం అంచో, ఏది ప్రతిబింబమో మొదట్లో తెలియదు. దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయం పతంగి కాగితం. ఫోకసర్‌కు ఎదురుగా ట్యూబు లోపలి గోడకు ఎర్ర పతంగి కాగితం ముక్క పెట్టండి. రెండు అద్దాలకు నడుమ ట్యూబులో తెల్ల కాగితం అడ్డంగా నిలబెట్టండి. ఇప్పుడు చూడండి. ఎర్రటి నేల మీద తెల్లగా చిన్న అద్దం ఒక్కటే కనిపిస్తుంది. పెద్ద అద్దం ప్రతిబింబం గొడవ పోయింది.

ఆ తెల్లటి ఆకారం గుండ్రంగా ఉండాలి, ఫోకసర్ గొట్టం అంచుకు చుట్టూ సమానమైన ఎర్ర పట్టీ వదిలి మధ్యలో ఉండాలి. కోడిగుడ్డులా సాగి ఉంటే చిన్న అద్దం పక్కకు మొహం తిప్పి ఉందని అర్థం. ట్యూబు మూతి వైపో అడుగు వైపో జరిగి ఉంటే దాన్ని ముందుకో వెనక్కో తేవాలి. చిన్న అద్దం వెనకున్న స్క్రూల పని ఇది: మధ్యలో ఉన్న స్టార్ స్క్రూ దాన్ని మూతి వైపు లాగుతుంది, చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలు అడుగు వైపు తోస్తాయి. లాగేదాన్ని కొంచెం వదులు చేశాకే తోసేవాటిని బిగించాలి. అన్నీ ఒకేసారి బిగిస్తే ఏదో ఒకటి విరుగుతుంది. మధ్య స్క్రూను మాత్రం పూర్తిగా విప్పొద్దు, చిన్న అద్దం ఊడి చేతిలోకి వస్తుంది. తిప్పేటప్పుడు రెండో చేత్తో అద్దం వెనకున్న పిడిని పట్టుకోండి, గాజును కాదు.

ఇక్కడ మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే వదిలేయండి. చాలామంది ఈ మొదటి అంచెలోనే పూటంతా గడిపి అలిసిపోతారు. ఇది కొద్దిగా తప్పితే చూసే వలయం అంచున వెలుగు పిసరంత తగ్గుతుంది, అంతే. బొమ్మ మసకబారదు. కష్టపడాల్సింది చివరి అంచె దగ్గర.

రెండో అంచె. కాగితాలు రెండూ తీసేయండి. ఇప్పుడు చిన్న అద్దంలో పెద్ద అద్దం ప్రతిబింబం కనిపిస్తుంది, దాని అంచును పట్టుకున్న మూడు క్లిప్పులు కూడా. మూడు క్లిప్పులూ కనిపించాలి, సమానంగా కనిపించాలి. ఒకటి మాయమైతే చిన్న అద్దం వాలు తప్పినట్టు. చుట్టూ ఉన్న మూడు స్క్రూలతో వాలు మార్చండి, ఒకసారికి పావు చుట్టుకు మించొద్దు. చెషైర్ ఉంటే పని ఇంకా తేలిక: తీగలు రెండూ కలిసే చోటికి పెద్ద అద్దం మీది రింగు గుర్తును తెచ్చి ఆపడమే. ఇది మారిస్తే మొదటి అంచె కొంచెం చెదరొచ్చు. మళ్లీ ఒకసారి చూసుకుని ముందుకు వెళ్లండి.

ఈ అంచె అయ్యాక చాలామంది పొరబడే చోటొకటి ఉంది. పెద్ద అద్దం ప్రతిబింబం లోపల నల్లటి గుండ్రం ఒకటి, దానికి నాలుగు సన్నటి కాళ్లు కనిపిస్తాయి. అది చిన్న అద్దం నీడ, దాన్ని మోసే చట్రం కాళ్లు. ఎఫ్/5 టెలిస్కోపులో ఈ నల్ల గుండ్రం మధ్యలో ఉండదు. పెద్ద అద్దం వైపు కొంచెం జరిగి ఉంటుంది. అలాగే ఉండాలి. పెద్ద అద్దం నుంచి వెలుగు గరాటులా సన్నబడుతూ వస్తుంది, 45 డిగ్రీల వాలులో పెట్టిన అద్దం ఆ గరాటును ఒకవైపు వెడల్పుగా ఉన్నచోట, ఇంకోవైపు సన్నగా ఉన్నచోట కోస్తుంది. అందుకే ఆ ఒరుగు. నేను ఈ సంగతి తెలియక ఒక సాయంత్రం మొత్తం ఆ నల్ల గుండ్రాన్ని మధ్యకు తేవాలని తిప్పుతూ కూర్చున్నాను. అది మధ్యకు వచ్చేసరికి క్లిప్పులు పోయాయి, రింగు పోయింది, మొదటి అంచె నుంచి మళ్లీ చేయాల్సి వచ్చింది. నల్ల గుండ్రాన్ని వదిలేయండి. మీరు చూడాల్సింది పెద్ద అద్దం మీది రింగును మాత్రమే.

మూడో అంచె, పెద్ద అద్దం. దీన్ని ఎప్పుడూ చివర్న చేయాలి. దీని తర్వాత చిన్న అద్దాన్ని తాకితే ఇది మళ్లీ చేయాల్సిందే.

ట్యూబు వెనక ఆరు స్క్రూలు ఉంటాయి, జంటలు జంటలుగా మూడు చోట్ల. ప్రతి జంటలో ఒకటి స్ప్రింగు మీద కూర్చుని అద్దాన్ని ముందుకూ వెనక్కీ జరుపుతుంది, రెండోది దాన్ని కదలకుండా బిగించే లాక్ స్క్రూ. మూడు లాక్‌లనూ ముందు వదులు చేయండి. సర్దే స్క్రూల పక్కన 1, 2, 3 అని కాగితం ముక్కలు అంటించండి. ఈ నంబర్లు లేకపోతే ఇద్దరు కలిసి చేసేటప్పుడు గొడవలవుతాయి. నేను చిల్లు దగ్గర, మేనల్లుడు వెనక.

"రెండో నంబరు కుడికి పావు చుట్టు తిప్పు."

"తిప్పాను అత్తమ్మా."

"దూరం పోయింది. వెనక్కి తిప్పు. ఇంకొంచెం. ఆపు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఒకటో నంబరు. నెమ్మదిగా రా నాన్నా."

చిల్లులోంచి చూస్తే ఏం కనిపించాలంటే: మూత లోపల అంటించిన తెల్ల కాగితం ప్రతిబింబం తెల్లటి బిళ్లలా, దాని మధ్యలో మీరు చూస్తున్న చిల్లు నల్లటి చుక్కలా. ఆ నల్ల చుక్క పెద్ద అద్దం మీది రింగు లోపలికి రావాలి, రింగుకు నట్టనడుమ ఆగాలి. మొదట అది ఎక్కడో దూరంగా ఉంటుంది. ఒక స్క్రూ తిప్పగానే ఏదో ఒక దిక్కుకు జరుగుతుంది. ఏ స్క్రూ ఎటు జరుపుతుందో లెక్కలు వేయకండి, తిప్పి చూడండి. మూడు స్క్రూలూ ఒక్కొక్కసారి తిప్పి చూస్తే చేతికి తెలిసిపోతుంది. ఒకటి బిగింపు చివరికి వచ్చేస్తే దాన్నే ఇంకా బిగించకండి, మిగతా రెండూ వదులు చేస్తే అదే ఫలితం వస్తుంది.

నల్ల చుక్క రింగులోకి దిగినప్పుడు తెలిసిపోతుంది. కంటిపాపలో దీపం ప్రతిబింబం సరిగ్గా మధ్యలో పడ్డట్టు ఉంటుంది. మావాడిని పిలిచి చూపిస్తే చాలాసేపు కన్ను తీయలేదు. ఆ తర్వాత లాక్ స్క్రూలు ఒక్కొక్కటే, చిల్లులోంచి చూస్తూ వేళ్లతో ఆనించండి. గట్టిగా బిగిస్తే సర్దినదంతా మళ్లీ పక్కకు పోతుంది. ఒక లాక్ బిగిస్తే చుక్క జరిగిందా, ఆ జంటలోని సర్దే స్క్రూతో వెనక్కి తెచ్చుకోండి.

పగటి పని ఇంతే. నిజమైన పరీక్ష రాత్రి, చుక్క మీద. అన్ని చోట్లా ధ్రువ నక్షత్రాన్ని చూసి పరీక్షించమని రాస్తారు, అది కదలదు కాబట్టి. హైదరాబాద్‌లో ఆ సలహా పనికిరాదు. మన ఊరు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, కాబట్టి ధ్రువం ఉత్తరాన దిగంతానికి 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. సగం మందికి ఎదురింటి వాటర్ ట్యాంకు వెనక, కనిపించినా ఊరి దుమ్ములో పొగలో వణుకుతూ. నడినెత్తికి దగ్గరగా ఉన్న చుక్కను పట్టుకోండి. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక రోహిణి దాదాపు నడినెత్తిన ఉంటుంది. మే నెలాఖరుకు రాత్రి పదింటికి ఆ చోటికి స్వాతి వస్తుంది. మరీ నిట్టనిలువుగా ఉన్నప్పుడు స్టాండు తిప్పడం కష్టం, కాబట్టి గంట ముందో వెనకో చూడండి.

ట్యూబును డాబా మీద పెట్టి అరగంట, ముప్పావుగంట వదిలేయండి. గదిలోంచి తెచ్చిన అద్దం వేడి తగ్గేవరకు బొమ్మ ఉడుకుతూనే ఉంటుంది. ఎండాకాలంలో డాబా స్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది. నీళ్లు చల్లినా వెంటనే చల్లారదు. కుదిరితే స్లాబు మీద కాకుండా చాప పరిచో, కిందికి దిగి ఖాళీ స్థలంలోనో పెట్టుకోండి.

ఐపీస్ ఎంత పెద్దదిగా చూపించాలంటే, అద్దం ఎన్ని మిల్లీమీటర్లో సుమారు అన్ని రెట్లు. మావాడిదానికి 10 మిల్లీమీటర్ల ఐపీస్, దానికి బొమ్మను రెండింతలు చేసే బార్లో లెన్సు కలిపితే 130 రెట్లు. చుక్కను సరిగ్గా మధ్యలో పెట్టి, ఫోకస్ కొంచెమే తప్పించండి. చుక్క చిన్న బిళ్లగా విచ్చుకుని, లోపల రింగులు, నడుమ నల్ల మచ్చ కనిపిస్తాయి. నల్ల మచ్చ చుట్టూ రింగులు సమానంగా ఉంటే మీ పని అయిపోయింది. మచ్చ ఎప్పుడూ ఒకే పక్కకు ఒరిగి ఉంటే పెద్ద అద్దం ఇంకా కొంచెం తప్పి ఉంది. క్షణానికో రకంగా, నీళ్లలో నీడలా ఊగుతుంటే అది గాలి దోషం, అద్దాలది కాదు. అలాంటి రాత్రి స్క్రూలు ముట్టుకోవద్దు.

ఒరుగు ఉంటే దాన్ని దిద్దడానికి ఇలా చేయండి. టెలిస్కోపును నెమ్మదిగా కదిపి చుక్కను వలయంలో ఇటూ అటూ జరపండి. ఎక్కడో ఒక చోట మచ్చ రింగుల మధ్యకు వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ మంచి జాగా, ఆ పెసర గింజ, అక్కడుంది. ఇప్పుడు టెలిస్కోపును కదపకుండా, పెద్ద అద్దం స్క్రూలతోనే చుక్కను అక్కడి నుంచి వలయం మధ్యకు తీసుకురండి. మన స్టాండుకు మోటారు ఉండదు కాబట్టి చుక్క తనంతట తను కూడా జరుగుతుంది, చకచకా చేయాలి. ఒక్కసారికి పూర్తిగా సరికాదు. స్క్రూ తిప్పినప్పుడు చుక్క ఎంత జరుగుతుందో మంచి జాగా అందులో సగమే జరుగుతుంది. రెండుమూడుసార్లు ఇదే చేస్తే చేరువవుతుంది. ప్రతిసారీ చుక్కను మధ్యలో పెట్టి మాత్రమే తీర్పు చెప్పండి. వలయం అంచున ఉన్న చుక్కకు తోక ఉండటం సహజం, దాన్ని చూసి స్క్రూలు తిప్పితే ఉన్నది పోతుంది.

లేజర్ సంగతి. నేనూ ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. అది పెట్టి సర్దితే బొమ్మ ముందుకన్నా పాడైంది. రెండు లావుపాటి పుస్తకాలను వీ ఆకారంలో ఆనించి, ఆ గాడిలో లేజర్ పెట్టి, నాలుగు మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద చుక్క పడేలా చేసి, లేజర్‌ను దొర్లించి చూశాను. చుక్క ఒకచోట నిలబడలేదు, అరచేతంత సున్నా చుట్టింది. అంటే లేజర్ తన గొట్టంలోనే వంకరగా ఉంది. మీ దగ్గర లేజర్ ఉంటే ముందు ఈ పరీక్ష చేయండి. చుక్క కదలకుండా ఉంటే వాడుకోవచ్చు. పిల్లలు పక్కన ఉండగా వెలిగించకండి, దాని వెలుగు తిరిగొచ్చే దారిలో కన్ను పెట్టకండి. కళ్ల షాపు నడిపేదాన్ని కాబట్టి ఈ మాట మరీ గట్టిగా చెప్తున్నాను.

సరిచేశాక ఏమేం చూడాలి? సప్తర్షుల్లో వశిష్ఠుడిని పట్టుకోండి. పక్కనే అరుంధతి మామూలు కంటికే కనిపిస్తుంది, అది కాదు నేను చెప్పేది. వశిష్ఠుడే టెలిస్కోపులో 14 ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) దూరంలో రెండు చుక్కలుగా విడిపోతాడు. ఇది తేలిక, అద్దాలు బాగా తప్పి ఉంటే తప్ప విడిపోతాడు. కష్టమైన పరీక్ష సింహరాశిలో ఉంది: మఘకు పైన మెడ దగ్గర ఉన్న అల్జీబా. దాని రెండు చుక్కల మధ్య దూరం 5 ఆర్క్ సెకన్ల లోపే. 130 రెట్లలో రెండు బంగారు గింజలు ఒకదానికొకటి ఆనీ ఆనకుండా కనిపిస్తే మీ అద్దాలు ఎక్కడుండాలో అక్కడున్నట్టే. మావాడు ఆ రాత్రి గురుడి మీద రెండు గీతలు చూశాడు, వాళ్ల నాన్నను నిద్రలేపి డాబా మీదకు తీసుకొచ్చి చూపించాడు.

ఎన్నాళ్లకోసారి చేయాలని అడుగుతారు. ఇంట్లోంచి డాబాకు, డాబా మీంచి ఇంట్లోకి చేత్తో మోసుకెళ్తుంటే చిన్న అద్దాన్ని నెలల తరబడి ముట్టుకోనక్కర్లేదు, పెద్ద అద్దం మాత్రం చూడబోయే ముందు చిల్లులోంచి ఒకసారి చూసుకుంటే చాలు. వికారాబాద్ వైపు కారులో తీసుకెళ్తే దారిలో ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయో మీకు తెలుసు. దిగగానే, చీకటి పడకముందే, ఇంకా వెలుతురు ఉండగానే చూసుకోండి. ట్యూబును సీటు మీద దిండ్ల మధ్య పడుకోబెట్టండి, డిక్కీలో వద్దు. రెండు మూతులకూ మూతలు పెట్టి, మూత పోయినవాటికి షవర్ క్యాప్ తొడగండి. అలెన్ కీని, చిల్లు మూతను ఒక చిన్న సంచిలో వేసి ఫోకసర్‌కు వేలాడదీయండి. మావాడిది పాత కళ్లజోడు పౌచ్, నా షాపు పేరున్నది.